వించ్ దగ్గర అనరాని మాట

మీలో కొందరు జీపులకు ముందు వించ్‌లు బిగించుకొని ఆదివారాలు గుట్టలెక్కుతున్నారని విన్నాను. సంతోషం, ఎక్కండి. మా రోజుల్లో గుట్టలెక్కడం సరదా కాదు, డ్యూటీ. కరెంటు స్తంభాలను అడవి లోపలికి చేర్చాలి. అక్కడ రోడ్డుండదు. లారీ బురదలో కూరుకుపోతే దాని ముందున్న వించ్ నుంచి ఇనుప తాడు లాగి ఏ బండకో చెట్టుకో కట్టి, ఇంజన్ బలంతో డ్రమ్ము తిప్పాలి. తాడు డ్రమ్ముకు చుట్టుకుంటున్న కొద్దీ లారీ తనను తానే బయటికి లాక్కుంటుంది. చూడడానికి బావి గిలకకు అన్నలా ఉంటుంది. కోపమొస్తే మాత్రం మనిషిని మిగల్చదు. దాన్ని బండికి ఎలా బిగించాలో మీ పుస్తకాల్లో రాసే ఉంటారు. దాని దగ్గర నోరెలా తెరవాలో రాయరు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మాది యాకుత్‌పురా. తాతల నాటి నుంచి బర్రెలు, పాల వ్యాపారం. పొదుగు కింద కుదురుగా కూర్చోవడం నా వల్ల కాక వర్క్‌షాపులో చేరాను. ఒక చోట కూర్చుంటే నాకు కాళ్ళు గుంజుతాయి. పని ఆగితే ఒళ్ళు మండుతుంది. ఈ పేజీ రాస్తూనే ఎన్నిసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చానో మా ఇంట్లో వాళ్ళనడగండి.

మా కరెంటు శాఖ వర్క్‌షాపు రైల్వే స్టేషనుకు అవతల ఉండేది. రేకుల షెడ్డు, వెనుక పెద్ద ఆవరణ, ఆవరణ నిండా చచ్చిన లారీలు. డెబ్బయిల మధ్యలో ఒక ఎండాకాలం మిలిటరీ వాళ్ళు వేలం వేసిన లారీ ఒకటి మాకొచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. దానితో పాటు విడిగా ఒక వించ్. వానలు మొదలయ్యే లోపల రెండింటినీ కలిపి కొండ ప్రాంతానికి పంపాలని పెద్దాఫీసు నుంచి రోజూ ఫోన్లు.

ఆ బండి నడపాల్సిన డ్రైవర్‌ను నేను చాచా అనేవాణ్ణి. మా గల్లీ వెనుక గల్లీలోనే ఇల్లు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చేసిన ఖాకీ, చెవిలో అత్తరు దూది. స్టీరింగు ముందు కూర్చుంటే నవాబు. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, అవి కూడా పాలవాళ్ళతోను కూరగాయల వాళ్ళతోను బేరమాడే ముక్కలు.

అంతకు కొన్నేళ్ళ ముందు ఇలాంటి బండినే చాచా గుట్టల్లోకి తీసుకుపోయాడు. దానికి వించ్‌ను ముందు బంపర్‌కు బోల్టులేసి బిగించారు. బంపర్ అంటే మూతికి అడ్డం పెట్టిన రేకు, అంతే. దాని మీద లారీ బరువంతా వేలాడదీస్తే ఏమవుతుంది? లాగుతుండగా వించ్ బంపర్‌తో సహా ఊడింది. తాడు విదిలించిన దెబ్బకు ముందు నిలబడ్డ లైన్‌మన్‌కు ఒక కాలు పోయింది. అప్పుడు లివర్ మీద ఉన్నది చాచా చెయ్యి. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ ఆయనే తనను అనుకున్నాడు. ఆ తర్వాత ఏ వించ్ లివర్‌నూ ముట్టలేదు.

ఇప్పుడీ బండి వచ్చేసరికి వర్క్‌షాపు పెద్ద సారు ఒకే మాట చెప్పాడు. వించ్ నడపనివాడు ఈ బండికి డ్రైవర్ కాడు. ఇష్టం లేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోవచ్చు. మరో చోట బండి ఖాళీ లేదు.

ఆ రోజు హోటల్లో చాయ్ ముందు పెట్టుకొని చాచా తాగలేదు.

"గాడీ చలాతుం బేటా. ఓ డండేకు హాథ్ నై లగాతుం," అన్నాడు. బండి నడుపుతాడట, ఆ డండాను ముట్టడట. డండా అంటే వించ్ లివరు.

"గట్లంటే గేటు కాడ కూసోబెడ్తరు చాచా."

"హౌ. మాలూమ్," అన్నాడు, తెలుసని.

గేటు దగ్గర కూర్చుంటే ఆయన ఏడాది బతకడని నాకనిపించింది. చాయ్ చల్లారిపోయింది. నేను లేచి, కూర్చొని, మళ్ళీ లేచాను. వానలు వచ్చే లోపల ఆ చెయ్యి లివర్ మీద ఎలా పడుతుందా అన్నదే నాకా ఎండాకాలమంతా పట్టుకున్న ఆరాటం.

వించ్ బిగింపు చూడడానికి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక కుర్ర ఇంజినీరును వేశారు. అవి ఆంధ్ర అనీ తెలంగాణ అనీ ఊరు ఉడికి, అప్పుడప్పుడే చల్లారుతున్న రోజులు. కొత్త మనిషిని షెడ్డంతా ఓరగా చూసింది. ఆయన మాత్రం అందరినీ గారూ అనేవాడు. నన్ను ఫిట్టర్ గారూ అన్నాడు. చాచాను డ్రైవర్ గారూ అన్నాడు. చాచా అటూ ఇటూ చూసి, తనకు కొత్తగా పెట్టిన పేరేమోనని నన్నడిగాడు. ఉర్దూ ఒక్క ముక్క రాదు ఆ ఇంజినీరుకు.

పని మొదలైన రోజే వెల్డర్‌తో తగాదా వచ్చింది. మా వెల్డర్ మంచి పనివాడు, కాకపోతే తొందర మనిషి.

"సార్, ఛాసిస్‌కు పెట్టి నాలుగు టాకాలు కొడ్తే ఐపాయె. సాయంత్రానికి బండి రెడీ."

"ఛాసిస్‌కి వెల్డింగు వద్దండీ. ఆ వేడికి ఉక్కు పక్కనే బలహీనపడుతుంది. ఇవాళ పట్టుకుంటుంది, రేపు గుట్ట మీద చీలుతుంది."

"మరి గాలిల నిలవడ్తదా సార్?"

"బోల్టులతో నిలబడుతుంది. చూపిస్తాను రండి."

సుద్దముక్క తీసుకొని నేల మీద గీశాడు. ఛాసిస్ అంటే బండికి వెన్నెముకల్లాంటి రెండు పొడుగు ఉక్కు చానళ్ళు. లాగుడు బలం నేరుగా ఆ రెండింటికీ సమంగా పోవాలి. అందుకని ఆ రెండు చానళ్ళకూ ముందుకు చేతుల్లా రెండు దిమ్మలు, వాటి మీద అడ్డంగా మందపాటి ప్లేటు, ప్లేటు మీద వించ్. బెజ్జాలు చానల్ నిలువు పలకకే వేయాలి. పై అంచుకో కింది అంచుకో వేస్తే పగులు అక్కడి నుంచే పుడుతుంది. ప్రతి బోల్టు వెనుకా పట్టీ ఉండాలి. బోల్టులు గట్టి రకానివి కావాలి. ఇద్దరం గల్లీ గల్లీ తిరిగాం. తల మీద గట్టిదనం గుర్తు లేని బోల్టును ఆయన చేత్తో కూడా పట్టలేదు. దుకాణం వాళ్ళు మమ్మల్ని చూడగానే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆ నిదానానికి నాకు పిచ్చెక్కేది. మిలిటరీ ఉక్కు మహా మొండిది, బెజ్జాలు వేసే బర్మాలు పటపట విరిగేవి. వేసిన ప్రతి బెజ్జంలోనూ ఆయన వేలు పెట్టి అంచు నునుపు చూసేవాడు. ఒకటి కొంచెం వంకర పోతే ప్లేటు మొత్తం మళ్ళీ కోయించాడు. ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే చాలు, బయటికి పోయి చూసి వచ్చేవాణ్ణి. కానీ న్యాయం చెప్పాలి. ఆయన చెప్పిందే సరైన పద్ధతి. మాకెవ్వరికీ అంత ఓపికతో ఆ పని చేసే అలవాటు లేదు.

చాచా మొదట్లో ఆ వైపు రాలేదు. షెడ్డు చివర స్తంభానికి ఆనుకొని చూసేవాడు. తర్వాత టైరు దాకా వచ్చాడు. ఒక రోజు వంగి ప్లేటు అంచును బొటనవేలితో కొలిచి, "కిత్తా మోటా హై రే," అన్నాడు. మందం చూసి ముచ్చటపడ్డాడు. బోల్టులు ఆఖరి బిగింపు బిగించే రోజున నా చేతిలోంచి పొడుగు పానా లాక్కున్నాడు. ఖాకీ చొక్కా చెమటతో తడిసి ముద్దయ్యే దాకా ఒక్కొక్కటే బిగించాడు. దిగి, చేతులు తుడుచుకుంటూ, ఇంజినీరు వైపు చూడకుండా నాతో చెప్పాడు.

"టెస్ట్‌మే మై బైఠ్‌తుం. సాబ్‌కు బోల్."

లివర్ దగ్గర తనే కూర్చుంటానన్నాడు. నేనా మాట ఇంజినీరుకు చెప్పడానికి పరుగెత్తాను. పదడుగుల దూరానికి పరుగెందుకంటే ఏం చెప్పను?

టెస్టు రోజు పొద్దున్నే బండి వెనుక భాగాన్ని నేలలో పాతిన రైలు కమ్మీకి గొలుసుతో కట్టాం. ముందు, పాడైన ట్రాన్స్‌ఫార్మర్లు నింపిన ఒక చచ్చిన లారీని బ్రేకులేసి నిలిపి, దానికి వించ్ తాడు తగిలించాం. ఇంజినీరు అందరినీ తాడుకు దూరంగా పక్కకు నిలబెట్టాడు. చాచా క్యాబిన్‌లో కూర్చొని కళ్ళు మూసుకొని పెదాలు కదిపాడు. లివర్ వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. తాడు బిగిసింది. బండి ముక్కు వంగింది. ఎదుటి లారీ ఈడ్చుకుంటూ ముందుకు జరిగింది. చాచా క్లచ్ తొక్కి ఆపి, తర్వాత ఏమిటన్నట్టు చూశాడు.

ఇంజినీరు బిగింపు చుట్టూ తిరిగి, వంగి ప్రతి బోల్టునూ చూశాడు. ఎక్కడా వెంట్రుకంత కూడా కదల్లేదు. లేచి, మొహమంతా నవ్వుతో పక్కకు వచ్చి, క్యాబిన్ వైపు చెయ్యి ఊపుతూ అరిచాడు.

"చాలు! చాలు!"

టెస్టు అయిపోయిందని నేను ముందుకు పోయాను. డ్రమ్ము మీద తాడు ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికెక్కి ఉంది. దాన్ని సర్దుదామని ఎడమ చెయ్యి పెట్టాను. నేను వంగితే బానెట్ చాటున చాచాకు కనబడను. డ్రమ్ము తిరిగింది.

చేతి తొడుగు ముందు పోయింది, దాని వెంట నా వేళ్ళు. ఇంజినీరు గొంతు చించుకొని "చాలు, చాలు, చాలు" అని అరుస్తున్నాడు. ఆయన అరిచిన కొద్దీ ఇంజన్ మోత పెరుగుతోంది. అప్పుడు నేను అరిచాను. నా అరుపు తెలుగూ కాదు, ఉర్దూ కాదు. దానికి డ్రమ్ము ఆగింది.

ఆగింది గానీ, చెయ్యి అందులోనే ఉంది. డ్రమ్మును వెనక్కి తిప్పితే తప్ప బయటికి రాదు. "చాచా, ఉల్టా, ఉల్టా" అని బతిమాలాను. ఆయన రెండు చేతులూ గాలిలో ఎత్తి అలాగే ఉండిపోయాడు. లివర్ వైపు చూడను కూడా చూడలేదు. వెల్డర్ క్యాబిన్‌లోకి దూకి, చాచాను పక్కకు నెట్టి, వెనక్కి తిప్పాడు.

ఎడమ చేతి చివరి రెండు వేళ్ళకు పై కణుపులు పోయాయి. నయాపూల్ దగ్గర ఆసుపత్రిలో కట్టు కట్టించుకొని మంచం మీద పడుకుంటే సాయంత్రం ఇంజినీరు వచ్చాడు. స్టూలు మంచం దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు.

"ఒకటి అర్థం కావట్లేదండీ ఫిట్టర్ గారూ. నేను ఆపమని అరుస్తూనే ఉన్నాను. ఆయన ఇంకా పెంచాడు. ఎందుకని?"

"మీరు ఏమని అరిచిన్రు సార్?"

"చాలు అన్నాను. చాలు చాలు అన్నాను కదా."

అప్పుడు వెలిగింది. రెండు భాషల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. పొద్దున్నుంచీ నాకే తట్టలేదు. ఆయన చాలు అంటే నేను తెలుగులో విన్నాను, చెయ్యి పెట్టాను.

"చాచాకు చాలూ అంటే షురూ చెయ్యమని సార్. ఇంజన్ చాలూ, ఫ్యాను చాలూ, దుకాణం చాలూ. గాయన తాన మీ తెలుగు యాడుంటది?"

ఇంజినీరు ఆ మాటను పెదాల మీదే రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత మంచం పట్టె మీద తల ఆనించాడు. ఆయన నాకంటే చిన్నవాడు. ఆ పొద్దు వరకూ అది నాకు గుర్తు రాలేదు.

షెడ్డులో అప్పటికే రెండు పక్షాలు తయారయ్యాయి. ఆంధ్రా ఇంజినీరు మన పోరగాని చెయ్యి తీసిండని కొందరు, ముసలి డ్రైవర్‌కు చెవుడొచ్చిందని కొందరు. పెద్ద సారు చాచా నిర్లక్ష్యమని రాయబోతుంటే ఇంజినీరు అడ్డం పడ్డాడు. తప్పు మాటదని చెప్పాడు. "చాలంటే చాలే కదయ్యా, ఇంకేముంటుంది?" అని పెద్ద సారు విసుక్కున్నాడట. ఆయనా కోస్తా ఆయనే. గుమ్మంలో నిలబడ్డ అటెండర్ ఉండబట్టలేక, "చాలూ అంటే షురూ గదా సాబ్," అన్నాడట. పెద్ద సారు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. చర్య తీసుకోలేదు. కానీ చాచాను ఆ బండి ఎక్కించొద్దన్నాడు. చాచా తనంతట తనే వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాడు.

నన్ను ఇంట్లో పడుకోమన్నారు. మీరే చెప్పండి, నేను పడుకునే మనిషినా? కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అటు నుంచి ఇటు తిరిగేవాణ్ణి. వచ్చే రైలునూ పోయే రైలునూ చూసేవాణ్ణి. గల్లీ అంతా నన్ను చూసి పోయింది. వెనుక గల్లీలో ఉండే చాచా మాత్రం రాలేదు. వేళ్ళ నొప్పి కంటే ఆ రాకపోవడం ఎక్కువ సలిపింది. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక గేటు దగ్గరికి పోయాను.

"ఇంటికి రాలే చాచా."

"కౌన్‌సే మూఁ సే ఆతుం బేటా?"

"గిదే మొఖంతోని. ఇంకో మొఖం యాడికెల్లి తెస్తవ్?"

ఆయన నవ్వలేదు. నా కట్టు వైపు చూశాడు.

"పహలే ఉస్కా పాఁవ్. అబ్ తేరా హాథ్."

ముందు ఆ లైన్‌మన్ కాలు, ఇప్పుడు నీ చెయ్యి అని. నేను మాట సంగతి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఇంజినీరు అప్పటికే వచ్చి, భాష రాక, అటెండర్‌ను వెంటబెట్టుకొని, చేతులు జోడించి అంతా చెప్పాడట.

"లఫ్జ్ ఉనోంకా," అన్నాడు చాచా. "క్లచ్‌పే పాఁవ్ మేరా."

మాట ఇంజినీరుదట, క్లచ్ మీద కాలు మాత్రం తనదట. నాకు కోపం వచ్చింది. మాట మీద కోపం, ఆ రోజు మీద కోపం, కుర్చీలో కుదేలైపోయిన ఆ మనిషి మీద కోపం. నేరుగా ఇంజినీరు దగ్గరికి పోయి, చాచాతోనే ఇంకోసారి టెస్టు పెట్టాలన్నాను. ఆయన పెద్ద సారు కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించాడు.

ఈసారి ముందు మాట తేలాలి కదా. షెడ్డులో కూర్చొని పంచాయతీ పెట్టాం. ఆపు అందామన్నాడు ఇంజినీరు. వెల్డర్ తల పట్టుకున్నాడు. "ఆపు అంటే ఆప్, అంటే మీరు అన్నరనుకుంటడు సార్. ఎంత మర్యాదగ పిలుస్తున్నరని ఇంకా జోరుగ గుంజుతడు." ఉర్దూలో చాలనే అర్థం వచ్చే బస్ అందామని నేనన్నాను. సిబ్బందిని తెచ్చే బస్సు డ్రైవర్ అవతలి నుంచి తల తిప్పి, ఏందన్నాడు. ఎన్నో రోజుల తర్వాత అందరం నవ్వాం. చివరికి మాటే వద్దనుకున్నాం. ఒక్కడే మనిషి, డ్రైవర్ కంటికి ఎదురుగా నిలబడాలి. విప్పిన అరచెయ్యి ఎత్తితే ఆపాలి. ఆ మనిషి కనబడకపోయినా ఆపాలి. మిగతా అందరి నోళ్ళూ మూత.

"మరి ఎవరు నిలబడతారు?" అన్నాడు ఇంజినీరు.

"నేనే సార్."

"మీ చెయ్యి అలా ఉండగా వద్దండీ."

"గీ చెయ్యే మంచిగుంటది సార్. తెల్లగ కట్టున్నది. దూరంకెల్లి గూడ కండ్లవడ్తది."

నిజానికి కారణం అది కాదు. చాచాను గేటు దగ్గరి నుంచి లేపడానికి నాకు ఇంకో దారి తోచలేదు. పోయి ఆయనకొక్కటే చెప్పాను. ఇంకొకడు లివర్ మీద కూర్చుంటే నేను బండి ముందు నిలబడను, నువ్వు కూర్చుంటేనే నిలబడతాను. తిట్టాడు. మా నాయనతో చెప్తానన్నాడు. చివరికి లేచి ఖాకీ దులుపుకున్నాడు.

రెండో టెస్టు పొద్దున మబ్బులు కమ్ముకున్నాయి. క్యాబిన్ ఎక్కబోయిన చాచా మళ్ళీ దిగాడు. నేను నిలబడ్డ చోటికి వచ్చి, నా భుజాలు పట్టి వెనక్కి నడిపించాడు. తాడు తెగి విదిల్చినా అందనంత దూరం, పక్కకు. బూటు మడమతో మట్టిలో గీత గీశాడు.

"ఇస్కే ఆగే నక్కో."

గీత దాటొద్దన్నాడు. పోయి కూర్చున్నాడు. ఇంజినీరు రెండు చేతులతోనూ నోరు మూసుకొని నిలబడ్డాడు. లివర్ పడిన చప్పుడు వినిపించింది. తాడు నేల మీద నుంచి లేచి, సన్నగా మూలిగి, బిగిసింది. ఎదుటి లారీ జరిగింది, ఇంకా జరిగింది. అద్దం వెనుక చాచా కళ్ళు నా చెయ్యి మీద నుంచి కదల్లేదు. నేను కట్టుతో ఉన్న అరచేతిని ఎత్తాను. అది పూర్తిగా పైకి లేవక ముందే డ్రమ్ము ఆగింది. తాడు వదులు చేయమని చెయ్యి తిప్పాను. వెనక్కి తిరిగింది. ఎత్తాను. ఆగింది. మళ్ళీ మళ్ళీ చేశాం, అవసరం లేకపోయినా చేశాం.

ఇంజన్ ఆపేశాక కూడా చాచా దిగలేదు. నేను క్యాబిన్ దగ్గరికి పోయాను. కుడి చెయ్యి ఇంకా లివర్‌ను పట్టుకునే ఉంది.

"ఐపాయె చాచా. దిగు."

"తేరా హాథ్ దిఖా," అన్నాడు.

కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టాను. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకొని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. కట్టు పొడిగా తెల్లగా ఉంది.

"ఖూన్ తో నై హై నా?"

"నెత్తురేం లేదు చాచా."

అప్పుడు లివర్ వదిలాడు. "కల్ నికల్తే," అన్నాడు, రేపు బయలుదేరదామని. అని, నా చెయ్యి అలాగే పట్టుకొని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.